పెద్దపేగు క్యాన్సర్: క్లినికల్ ట్రయల్‌లో చేరమంటే ఏం చూసి ఒప్పుకోవాలి?

మిగతావారికీ అర్థమయ్యేలా మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను. మీ నాన్నగారికి 56 ఏళ్ళు. పెద్దపేగులోని కణితిని శస్త్రచికిత్స చేసి తీసేశారు. లింఫు గ్రంథుల్లోకి పాకినందువల్ల మూడో దశ అన్నారు. కీమో మొదలుపెట్టేముందు డాక్టరుగారు ఒక క్లినికల్ ట్రయల్ (రోగులను చీటీ తీసినట్టు రెండు వర్గాలు చేసి, రెండు చికిత్సలను పోల్చి చూసే పరిశోధన) గురించి చెప్పి, అంగీకార పత్రం చేతికిచ్చి, చదువుకుని రమ్మన్నారు. ‘నాన్నను ప్రయోగశాల ఎలుకను చేస్తారా? చీటీలో మందు లేని వైపు వస్తే ఆయన గతి ఏమిటి?’ అన్నది మీ భయం. చివర్లో మీకు 39 ఏళ్ళని, మీరూ ఏదైనా పరీక్ష చేయించుకోవాలా అని అడిగారు.

పెద్దపేగు, మలాశయ క్యాన్సర్లకు మందులిచ్చే వైద్యుడిని నేను. ఇలాంటి పత్రాలు ముందు పెట్టుకుని కుటుంబాలతో మాట్లాడటం నా వృత్తిలో భాగం. కాబట్టి జవాబు ముందే చెప్పేస్తాను.

ట్రయల్ అనగానే వద్దనకండి. కొత్త మందు అనగానే సరేననకండి. ఆ ట్రయల్ ఏ ప్రశ్నకు జవాబు వెతుకుతోందో కనుక్కోండి. ఆ ప్రశ్న మీ నాన్నగారి పరిస్థితికి సంబంధించినదై, రెండు వైపులా ఉన్న చికిత్సల్లో ఏది వచ్చినా మీకు సమ్మతమే అయితే చేరవచ్చు. రెండింటిలో ఒకటి ఆయనకు ససేమిరా ఇష్టం లేకపోతే చేరవద్దు. చేరనంత మాత్రాన ఆయనకు రావలసిన చికిత్స ఆగిపోదు. ఇక మీ సంగతి: అవును, మీకు కొలనోస్కోపీ (కెమెరా ఉన్న గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) కావాలి. 40 ఏళ్ళు వచ్చేసరికి చేయించుకోండి.

ముందు చీటీ భయం తీరుద్దాం. మూడో దశ పెద్దపేగు క్యాన్సర్‌లో ఒక వర్గాన్ని ఏ మందూ లేకుండా వదిలేసే ట్రయల్‌ను ఇవాళ ఏ ఎథిక్స్ కమిటీ ఆమోదించదు. శస్త్రచికిత్స తరువాత కీమో ఇస్తే ఎక్కువమంది బతుకుతారని 1990లోనే తేలింది. 2004లో వచ్చిన మొజాయిక్ ట్రయల్ దానికి ఆక్సాలిప్లాటిన్ అనే మరో కీమో మందును జోడించి చూపింది: మూడేళ్ళ తరువాత జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవారు పాత మందుతో 72.9 శాతం అయితే, ఆక్సాలిప్లాటిన్ కలిపితే 78.2 శాతం. అప్పటినుంచి ఇదే ప్రామాణిక చికిత్స. మీ నాన్నగారు ‘పాత’ వైపు పడినా ఆయనకు అందేది ఇదే. ట్రయల్‌లో చేరకుండా మామూలుగా చేయించుకున్నా ఇదే ఇస్తారు.

ఉత్తుత్తి మాత్ర (మందు లేని ప్లాసిబో) గురించీ ఒక మాట. అది చికిత్సకు బదులుగా ఇచ్చేది కాదు, చికిత్సకు అదనంగా ఇచ్చేది. 2025లో వెలువడిన అలాస్కా ట్రయల్‌ను చూడండి. స్వీడన్, నార్వే, డెన్మార్క్, ఫిన్లాండ్ దేశాల్లో జరిగింది. పెద్దపేగు, మలాశయ క్యాన్సర్‌కు శస్త్రచికిత్స అయినవారిలో, కణితిలో ఒక ప్రత్యేకమైన జన్యుమార్పు ఉన్నవారిని ఎంచుకుని, సగం మందికి రోజుకు 160 మిల్లీగ్రాముల ఆస్పిరిన్, మిగతా సగానికి ఉత్తుత్తి మాత్ర మూడేళ్ళపాటు ఇచ్చారు. అవసరమైన కీమో రెండు వైపులవారికీ అందింది. పీఐకే3సీఏ జన్యువులో మార్పు ఉన్నవారిని విడిగా చూస్తే, మూడేళ్ళలో జబ్బు తిరగబెట్టింది ఆస్పిరిన్ వైపు 7.7 శాతం మందికి, రెండో వైపు 14.1 శాతం మందికి. దాదాపు సగానికి సగం తగ్గింది. ఇది చదివి ఇంట్లో ఉన్న ఆస్పిరిన్ మొదలుపెట్టకండి. కణితిలో ఆ జన్యుమార్పులు లేనివారికి ఈ ట్రయల్ ఏ హామీ ఇవ్వలేదు. పైగా తీవ్రమైన దుష్ప్రభావాలు ఆస్పిరిన్ వైపే ఎక్కువగా కనిపించాయి. కణితి జన్యుపరీక్ష చేయించి, డాక్టరుతో మాట్లాడాకే ఆ ఆలోచన.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. క్యాన్సర్ పరిశోధన అంటే ఎప్పుడూ కొత్త మందే అనుకుంటారు చాలామంది. మా రంగంలో రోగులకు ఎంతో మేలు చేసిన ట్రయల్స్‌లో కొన్ని ‘ఇంతకంటే తక్కువ చికిత్స సరిపోదా?’ అని అడిగినవి. మీ చేతిలో ఉన్న పత్రం కూడా అలాంటిదే కావచ్చు.

ఆక్సాలిప్లాటిన్ మంచి మందే, కానీ నరాలను దెబ్బతీస్తుంది. మొదట్లో చల్లని నీళ్ళు తగిలితే వేళ్ళలో షాకు కొట్టినట్టు ఉంటుంది. మోతాదులు పెరిగేకొద్దీ ఆ తిమ్మిరి చల్లదనంతో నిమిత్తం లేకుండా ఉండిపోతుంది. నేను చూసిన ఒక దర్జీ ఆరు నెలల కోర్సు పూర్తిచేశారు. జబ్బు తిరిగి రాలేదు. కానీ సూదిలో దారం ఎక్కించలేకపోయారు. సూది రెండు వేళ్ళ మధ్య ఉందో జారి పడిపోయిందో కళ్ళతో చూస్తే తప్ప ఆయనకు తెలిసేది కాదు. గుడ్డను తడిమి నేత చెప్పగలిగిన మనిషికి తన చొక్కా గుండీలు ఇంకొకరు పెట్టాల్సి వచ్చింది. ఆయన తప్పేమీ లేదు, వైద్యుల తప్పూ కాదు. అప్పటికి ప్రమాణం ఆరు నెలలు.

ఆ ఆరు నెలలు నిజంగా అవసరమా అని అడిగినదే ఐడియా అనే మహా ప్రయత్నం. 12 దేశాల్లో నడిచిన ఆరు ట్రయల్స్‌ను ఒకచోట చేర్చి, 12,834 మంది మూడో దశ రోగుల్లో మూడు నెలల కీమోను ఆరు నెలల కీమోతో పోల్చారు. ఫలితాలు 2018లో వచ్చాయి. మూడేళ్ళకు జబ్బు లేకుండా ఉన్నవారు 74.6 శాతం, 75.5 శాతం. తేడా ఒక్క శాతం కూడా లేదు. తిమ్మిర్ల సంగతి చూస్తే, ఓ మోస్తరు నుంచి తీవ్రమైన ఇబ్బంది ఆరు నెలలు తీసుకున్నవారిలో 45 నుంచి 48 శాతం మందికి ఉంటే, మూడు నెలలవారిలో 17 శాతం లోపే.

అయితే ఇక్కడొక మెలిక ఉంది. ఎంత తేడాను ‘తేడా లేనట్టే’ అనుకోవచ్చో పరిశోధకులు ముందే ఒక గీత గీసుకున్నారు. మొత్తంగా లెక్కిస్తే ఫలితం ఆ గీతను కొద్దిలో దాటింది కాబట్టి, మూడు నెలలు అందరికీ చాలని ప్రకటించలేదు. లోతుగా చూస్తే చిత్రం స్పష్టమైంది. కణితి పేగు గోడను పూర్తిగా చీల్చుకుని బయటికి రాకుండా, ఒకటి నుంచి మూడు గ్రంథులకే పాకినవారికి కేపాక్స్ పద్ధతిలో (సెలైన్‌లో ఆక్సాలిప్లాటిన్, నోటితో కేపసైటబీన్ మాత్రలు) మూడు నెలలు చాలు. నాలుగు లేదా అంతకుమించి గ్రంథులకు పాకినవారికి, గోడ దాటి వచ్చినవారికి ఆరు నెలల మాట ఇప్పటికీ తీసివేయలేం. మాత్రలు లేకుండా మందులన్నీ సెలైన్‌లోనే ఇచ్చే ఫోల్‌ఫాక్స్ పద్ధతిలోనూ ఆరు నెలలదే పైచేయి. అందుకే ‘మూడో దశ’ అన్న ఒక్క మాట నాకు సరిపోదు. మీ నాన్నగారి పాథాలజీ రిపోర్టులో టీ (కణితి గోడలోకి ఎంత లోతుకు వెళ్ళింది) పక్కన ఏ అంకె ఉంది, ఎన్ (ఎన్ని గ్రంథులకు పాకింది) పక్కన ఏ అంకె ఉంది అన్నది కావాలి.

ఇదే దారిలో ఆస్ట్రేలియా పరిశోధకుల డైనమిక్ ట్రయల్ రెండో దశవారి గురించి అడిగింది. కణితి తీసేశాక రక్తంలో దాని డీఎన్‌ఏ తునకలు ఇంకా తిరుగుతున్నాయా అని పరీక్షించి, ఉన్నవారికే కీమో ఇచ్చారు. కీమో తీసుకున్నవారు 28 శాతం నుంచి 15 శాతానికి తగ్గారు. రెండేళ్ళకు జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవారు మాత్రం ఇటు 93.5, అటు 92.4 శాతం. అంటే ఎంతోమంది అనవసరమైన కీమో తప్పించుకున్నారు, నష్టపోకుండా. కానీ ఇదే పద్ధతిని మూడో దశలో పరీక్షించినప్పుడు అంత గట్టి హామీ దొరకలేదు. కాబట్టి ‘రక్తపరీక్ష బాగుంది, కీమో మానేద్దాం’ అని ట్రయల్ బయట మీ అంతట మీరు నిర్ణయించుకోవద్దు. ట్రయల్ లోపల, నిఘాలో, ఆ ప్రశ్నకు జవాబు వెతకడం వేరు.

సంతకానికి ముందు ఎంఎంఆర్ పరీక్ష ఫలితం తప్పకుండా అడగండి. కణాలు విభజన చెందేటప్పుడు డీఎన్‌ఏలో దొర్లే పొరపాట్లను దిద్దే ప్రొటీన్లు కణితిలో ఉన్నాయా లేవా అని చూసే పరీక్ష ఇది. తీసిన కణితి ముక్క మీదే చేస్తారు, మళ్ళీ కోత అవసరం లేదు. పెద్దపేగు క్యాన్సర్లలో సుమారు 15 శాతంలో ఈ దిద్దుబాటు వ్యవస్థ దెబ్బతిని ఉంటుంది. అలాంటి కణితులను రోగనిరోధక వ్యవస్థ తేలిగ్గా గుర్తుపడుతుంది కాబట్టి వాటికి ఇమ్యునోథెరపీ (ఆ వ్యవస్థను క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే మందులు) అద్భుతంగా పనిచేస్తుంది.

ఎంత అద్భుతంగా అంటే, 2022లో డోస్టార్లిమాబ్ అనే మందును ఇలాంటి మలాశయ క్యాన్సర్ ఉన్న 12 మందికి ఆరు నెలలు ఇస్తే, 12 మందిలోనూ కణితి కనబడకుండా పోయింది. ఒక్కరికీ రేడియేషన్ గాని, శస్త్రచికిత్స గాని అవసరపడలేదు. తరువాత ఆ సంఖ్య 49కి పెరిగింది, ఫలితం మారలేదు. నెదర్లాండ్స్‌లో జరిగిన నిష్-2 ట్రయల్‌లో శస్త్రచికిత్సకు ముందు కొద్ది వారాలపాటు ఇమ్యునోథెరపీ ఇస్తే, తీసిన పేగు ముక్కల్లో 68 శాతంలో ఒక్క క్యాన్సర్ కణం కూడా మిగలలేదు. ఇరవై ఏళ్ళ క్రితం ఎవరైనా ఈ మాట చెబితే నేను నమ్మేవాడిని కాదు.

మీ నాన్నగారికి శస్త్రచికిత్స అయిపోయింది కాబట్టి ఆయనకు నేరుగా వర్తించేది ఇంకొకటి. అటామిక్ అనే ట్రయల్ సరిగ్గా ఇలాంటి మూడో దశ రోగుల్లో, శస్త్రచికిత్స తరువాత, కీమోకు అటెజోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందును జోడించింది. మూడేళ్ళకు జబ్బు లేకుండా ఉన్నవారు దాదాపు పది శాతం పెరిగారు. అందువల్ల ఆయన కణితి ఈ కోవలోదైతే, ఉత్త కీమోల మధ్య పోలిక పెట్టే ట్రయల్‌లో చేరేముందు ఈ మార్గం గురించి డాక్టరును సూటిగా అడగాలి. ఈ కోవలోది కాకపోతే (ఎక్కువమందికి కాదు) ఇమ్యునోథెరపీ కోసం ఆరాటపడటంలో అర్థం లేదు. మిగతా కణితుల మీద అది ఇప్పటివరకు పెద్దగా పనిచేయలేదు. వాట్సాప్‌లో వచ్చే ‘క్యాన్సర్‌కు మందు దొరికింది’ వార్తల్లో ఈ ఒక్క ముక్కే ఉండదు, అందుకే నొక్కి చెబుతున్నాను.

ఇక పత్రం దగ్గరికి. నేనైతే మొదటి పేజీ వదిలేసి, ఏ వర్గానికి ఏమిస్తారో చెప్పే పట్టిక దగ్గర మొదలుపెడతాను. రెండు గడులు పక్కపక్కన పెట్టుకుని, ‘చీటీలో ఇది వస్తే బాధపడతామా?’ అని ఒక్కొక్కదానికి విడిగా అడుగుతాను. తరువాత చూడవలసింది ట్రయల్ దశ. మూడో దశ క్యాన్సర్, మూడో దశ ట్రయల్ అన్నవి రెండు వేరువేరు సంగతులు, చాలామంది ఇక్కడ పొరబడతారు. మూడో దశ ట్రయల్ అంటే మందు మోతాదు, భద్రత ఇదివరకే తెలిసి, ప్రామాణిక చికిత్సతో పోల్చి చూస్తున్నారని అర్థం. మొదటి దశ ట్రయల్ మోతాదును వెతుకుతుంది. అది సాధారణంగా మిగతా దారులన్నీ మూసుకుపోయినవారికి. నయమయ్యే అవకాశం బాగా ఉన్న మీ నాన్నగారి వంటివారికి అలాంటిది ఇవ్వజూపితే కారణం గట్టిగా అడగాలి.

అదనపు స్కాన్‌లు, రక్తపరీక్షలు, బయాప్సీలు ఎన్ని, ప్రయాణాలు ఎన్ని, దుష్ప్రభావం వస్తే చికిత్స బాధ్యత ఎవరిది, రాత్రివేళ ఫోను చేయడానికి ఎవరి నంబరు ఇచ్చారు అన్నవి కూడా రాసి ఉండాలి. ఎప్పుడైనా, ఏ కారణమూ చెప్పకుండా, ట్రయల్ నుంచి తప్పుకునే హక్కు ఆయనకు ఉంది. ఆ వాక్యం లేని పత్రం మీద సంతకం చేయకండి. నిర్ణయం మీ నాన్నగారిది కావాలన్నది నా గట్టి అభిప్రాయం. పిల్లలు చదివి, పిల్లలే నిర్ణయించి, ఆయన చేత సంతకం మాత్రం పెట్టించే దృశ్యం నేను తరచూ చూస్తాను. అప్పుడు నేను కలం పక్కన పెట్టించి, మళ్ళీ మొదటినుంచి ఆయనకే చెబుతాను.

ఒక నిజం కూడా దాచకూడదు. ట్రయల్ ముఖ్యోద్దేశం మీ నాన్నగారికి మేలు చేయడం కాదు, ఒక ప్రశ్నకు జవాబు తెలుసుకోవడం. ఆయనకు మేలు జరగవచ్చు, జరగకపోవచ్చు. దగ్గరగా గమనించడం వల్ల చిన్న సమస్యలు త్వరగా బయటపడటం మాత్రం నేను నిత్యం చూసేదే. మొదట్లో బాగున్న ఫలితం తరువాత మారవచ్చు కూడా. మలాశయ క్యాన్సర్‌లో రాపిడో అనే ట్రయల్, రేడియేషన్ తరువాత శస్త్రచికిత్సకు ముందే కీమో అంతా ఇచ్చేస్తే జబ్బు ఇతర అవయవాలకు పాకడం తగ్గుతుందని చూపింది. అందరం సంతోషించాం. ఐదేళ్ళకు చూస్తే, మలాశయం ఉన్న చోటే జబ్బు తిరిగి రావడం ఆ వర్గంలో ఎక్కువగా ఉంది: 10 శాతం, పాత పద్ధతిలో 6 శాతం. అందుకే ట్రయల్‌లో చేరితే, చికిత్స ముగిశాక కూడా పిలిచినప్పుడల్లా వెళ్ళండి. ఆ చివరి ఏళ్ళ సమాచారమే రాబోయే రోగులను కాపాడేది.

ట్రయల్‌లో చేరినా చేరకపోయినా ఆయనకు పనికొచ్చేది ఒకటుంది. 2025లో వెలువడిన ఛాలెంజ్ ట్రయల్‌లో, శస్త్రచికిత్స, కీమో పూర్తయిన 889 మందిని రెండు వర్గాలు చేసి, ఒక వర్గానికి శిక్షకుల సాయంతో మూడేళ్ళ వ్యాయామ కార్యక్రమం, రెండో వర్గానికి ఆరోగ్య సూచనల పుస్తకాలు ఇచ్చారు. ఎనిమిదేళ్ళకు బతికి ఉన్నవారు వ్యాయామ వర్గంలో 90.3 శాతం, రెండో వర్గంలో 83.2 శాతం. కొన్ని ఖరీదైన మందులు కూడా ఇంత తేడా చూపించవు. వారు చేసిందల్లా ఎక్కువగా చురుకైన నడక, వారానికి మూడు నాలుగు సార్లు, ముప్పావు గంట నుంచి గంట. కీమో అయ్యాక మొదలుపెట్టిన కార్యక్రమం అది. ఆయనకు కూడా అప్పుడే, డాక్టరుకు చెప్పి.

ఇప్పుడు మీ విషయం. తల్లిదండ్రులకు గాని, తోబుట్టువులకు గాని ఈ క్యాన్సర్ 60 ఏళ్ళలోపు వస్తే, 40వ ఏటగాని, వారికి జబ్బు బయటపడిన వయసుకు పదేళ్ళ ముందుగాని, ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీ మొదలుపెట్టాలి. మీ నాన్నగారిది 56 కాబట్టి మీకు 40. మీ తోబుట్టువులకూ ఇదే లెక్క. పైన చెప్పిన ఎంఎంఆర్ పరీక్షలో తేడా కనబడితే ఈ లెక్కంతా మారుతుంది. అది లించ్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య సమస్య కావచ్చు. జన్యుపరీక్షలో అది రుజువైతే, అదే మార్పు ఉన్న కుటుంబసభ్యులకు, మార్పు ఏ జన్యువులో ఉందన్నదాన్ని బట్టి, ఇరవైల్లోనో ముప్పైల్లోనో కొలనోస్కోపీలు మొదలుపెట్టి, ఏడాదికో రెండేళ్ళకో చేస్తూ ఉండాలి. తండ్రి కణితి మీద చేసే ఒక పరీక్ష పిల్లల ప్రాణాలు కాపాడగలదు.

‘మలపరీక్ష చాలదా, రక్తపరీక్ష వచ్చిందట కదా’ అని అడుగుతారు. కుటుంబ చరిత్ర లేని మామూలు వ్యక్తులకు మలంలో రక్తాన్ని పట్టే ఫిట్ పరీక్ష చాలా మంచి సాధనం. స్పెయిన్‌లో జరిగిన కొలన్‌ప్రెవ్ ట్రయల్‌లో రెండేళ్ళకోసారి ఫిట్‌కు పిలిచినవారిలోనూ, ఒక్కసారి కొలనోస్కోపీకి పిలిచినవారిలోనూ పదేళ్ళకు ఈ క్యాన్సర్ మరణాలు దాదాపు సమానం. మీకు మాత్రం అది చాలదు. ఫిట్ ఒకసారి చేస్తే ఉన్న క్యాన్సర్లలో నాలుగింట మూడు వంతులకు పైగా పట్టుకుంటుంది గాని, క్యాన్సర్‌గా మారబోయే ముదురు పాలిప్‌లలో (పేగు లోపలి గోడ మీద మొలిచే బుడిపెల్లో) నాలుగో వంతునే పట్టగలదు. 2024లో అమెరికాలో అనుమతి పొందిన షీల్డ్ రక్తపరీక్ష క్యాన్సర్‌ను 83 శాతం పట్టినా, అలాంటి పాలిప్‌లను పట్టింది 13 శాతమే. పాలిప్ క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పదేళ్ళు పడుతుంది. ఆ పదేళ్ళలో ఎప్పుడు చూసి తీసేసినా క్యాన్సరే రాదు. మీకు కావలసింది అది.

2022లో నార్డిక్ ట్రయల్ వచ్చినప్పుడు ‘కొలనోస్కోపీ వల్ల ప్రయోజనం లేదు’ అన్న శీర్షికలు చూసి ఉంటారు. అందులో కొలనోస్కోపీకి ఆహ్వానం అందుకున్నవారిలో నిజంగా చేయించుకున్నవారు 42 శాతమే. చేయించుకోనివారినీ కలిపి లెక్క కట్టినా పదేళ్ళలో క్యాన్సర్లు 18 శాతం తగ్గాయి. చేయించుకున్నవారి వరకు అంచనా కడితే తగ్గుదల 31 శాతం. పిలుపు వల్ల సమాజానికి ఎంత మేలో మొదటి అంకె చెబుతుంది, చేయించుకుంటే మీకు ఎంత మేలో చెప్పడానికి రెండోదే దగ్గర.

పరీక్షకు ముందురోజు ఇచ్చే విరేచనాల మందును చివరి గుక్క వరకు తాగండి. పేగు శుభ్రంగా లేకపోతే చిన్న పాలిప్‌లు కనబడవు. చేసే డాక్టరు ఎన్ని కొలనోస్కోపీల్లో పాలిప్‌లు కనిపెడతారో అడగడానికి మొహమాటపడకండి. ఆ శాతం ఒక్కటి పెరిగితే, తరువాతి ఏళ్ళలో క్యాన్సర్ బయటపడే ముప్పు 3 శాతం తగ్గుతుందని 2014లో ఒక పెద్ద అధ్యయనం తేల్చింది.

మీ బంధువుల్లో ఎవరైనా ఫిట్ చేయించుకుని ‘పాజిటివ్’ వస్తే, దాన్ని మళ్ళీ చేయించవద్దని చెప్పండి. నా దగ్గరికి వచ్చిన ఒక ఉపాధ్యాయుడు అలాగే చేశారు. రెండోసారి ‘నెగటివ్’ రాగానే హమ్మయ్య అనుకుని ఊరుకున్నారు. కణితి రోజూ రక్తం కార్చదు. ఆయన మళ్ళీ ఆసుపత్రికి వచ్చింది పేగు మూసుకుపోయి కడుపు ఉబ్బినప్పుడు. పాజిటివ్ వస్తే తరువాతి మెట్టు కొలనోస్కోపీ ఒక్కటే.

పాథాలజీ రిపోర్టులో టీ, ఎన్ అంకెలు, పరీక్షించిన లింఫు గ్రంథులు ఎన్ని (కనీసం 12 చూసి ఉండాలి), ఎంఎంఆర్ ఫలితం, ట్రయల్‌లో రెండు వర్గాలకు ఏమిస్తారన్న పట్టిక: ఈ నాలుగూ ఇక్కడ రాయండి, పేరు, ఆసుపత్రి వివరాలు తీసేసి. కీమో శస్త్రచికిత్స అయిన ఎనిమిది వారాల్లోపు మొదలవడం మంచిది కాబట్టి ఈ వారంలోనే రాస్తే, మీరు డాక్టరుగారిని కలిసేలోగా ఏం అడగాలో ఇంకా నిర్దిష్టంగా చెబుతాను.